కింది అర ఎలుకలు

ఎలుకలంటే భయపడేవాళ్ళు రెండు రకాలు. కనిపించగానే కుర్చీ ఎక్కేవాళ్ళు ఒక రకం, ఎక్కడానికి కుర్చీ దొరక్క ధైర్యం నటించేవాళ్ళు ఇంకో రకం. ఎలుకలమ్మ ఈ రెండింట్లో దేనికీ చెందదు. ఎనిమిదేళ్ళుగా ఆమె ఎలుకలకు మేత వేస్తోంది, నీళ్ళ సీసాలు కడుగుతోంది, పెట్టెల్లో రంపపు పొట్టు మారుస్తోంది, వారానికోసారి ఒక్కొక్కదాన్నీ తూచి బరువు రాస్తోంది. ఆ నాలుగంతస్తుల పరిశోధనాలయంలో ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు. ఎలుకలమ్మ అని మొదట ఎవరో వెటకారానికే అన్నారు. ఆమె దాన్ని బిరుదులా పుచ్చుకుని వాళ్ళ నోరు మూయించింది. "చివర అమ్మ అన్నారుగా, అది చాలు. మీ పేర్లకి ఆ మాత్రం కూడా తగిలించరు" అనేసింది.

ఆమె గది మూడో అంతస్తు చివర. అందులో ఒక ఇనప స్టాండు, దానికి మూడు అరలు, అరకు ఎనిమిది పెట్టెలు, పెట్టెకో ఎలుక. ఇరవై నాలుగింటికీ కుడి వెనక కాల్లో నరం కోసి, గోరంత ముక్క తీసేసి, ఆ ఖాళీలో మనుషులు తయారుచేసిన నరాన్ని పెట్టి కుట్టారు. దాన్ని అందరూ 'అతుకు' అనేవాళ్ళు. బొంతకు వేసే అతుకులాంటిది కాదు లెండి. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి దారాలు కొన్ని వందలు ఒకే వాటంగా పడుకుని ఉంటాయి, వాటి చుట్టూ మెత్తని గొట్టం. ఆ దారాల మీద, నరాలను కనిపెట్టుకుని ఉండే జీవకణాలను చల్లి, రెండు వారాలు వెచ్చని పెట్టెలో పెంచుతారు.

"పొట్లపాదుకి పందిరి వేస్తాం చూడండి, ఇదీ అంతే" అని దారాలాయన ఆమెకు ఒకసారి విడమరిచి చెప్పాడు. దారాలాయన అంటే ఆ దారాలు తీసే శాస్త్రవేత్త. తిండికి పిలిస్తే వినపడదు గానీ దారం తెగితే పక్క గదిలోంచి కూడా వినిపిస్తుంది ఆయనకు. "తెగిన నరం కొస ఈ పందిరి పట్టుకుని రోజుకింత పాక్కుంటూ అవతలి కొసని చేరుకుంటుంది. చేరాక పందిరి దానంతటదే కరిగిపోతుంది."

"చేరకపోతే?"

"చేరకపోయినా కరిగిపోతుంది."

ఆ మాటకు ఆమె నవ్వలేదు. ఇంకెవరైనా నవ్వేవాళ్ళేమో. ఆమె ఇంట్లో ఒక చెయ్యి ఆ పందిరి కోసమే కాచుక్కూచుని ఉంది.

ఆ చెయ్యి ఆమె ఆడపడుచుది. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. ఈ ఆడపడుచు ముప్పాతిక మొగుడు. మిగిలిన పాతిక బస్సు డ్రైవరు, పొద్దున పోతే సాయంత్రానికి వస్తాడు, వచ్చాక కూడా మాట్లాడడు. వదినా ఆడపడుచులే ఆ ఇంటిని మాటలతో నింపేవాళ్ళు, ఎక్కువగా తిట్లతో. ఆడపడుచు అద్దాలు కోసే చోట పనిచేసేది. పదహారేళ్ళు. అద్దం మీద ఆమె ఒక్క గీత గీస్తే రెండో గీత అక్కర్లేదని ఆ వీధి వీధంతా చెప్పుకునేవాళ్ళు. అందుకే అద్దాలమ్మాయి అయింది, వయసు ముప్పై అయిదు దాటినా అమ్మాయే.

తొమ్మిది నెలల కిందట ఒక నిలువెత్తు అద్దం చేతిలో విరిగింది. ముక్క కుడి ముంజేతిలోకి దిగింది. వాళ్ళ పనిలో ఒక కట్టుబాటుంది. అద్దం పగిలితే, ఎవరి గీత వల్ల పగిలిందో ఆ మనిషి అక్కడికక్కడే పైకి చెప్పాలి. చీపురు పట్టకముందే చెప్పాలి. ఊడ్చేశాక చెబితే ఎవరూ నమ్మరు, మళ్ళీ ఆ బల్ల దగ్గరికి రానివ్వరు. రక్తం మోచేతి మీదుగా కారుతుంటే ఈ మహాతల్లి ముందు "నాదే గీత" అని అరిచి, ఆ తర్వాతే కూలబడిందట. వదిన ఆ సంగతి విని ఆసుపత్రిలో తలబాదుకుంది. "చేతికి గుడ్డ కట్టుకుని చెప్పలేకపోయావా తల్లీ!"

"గుడ్డ కట్టుకున్నాక చెబితే ఊడ్చాక చెప్పినట్టే" అంది అద్దాలమ్మాయి.

నరం తెగడమే కాదు, నాలుగు వేళ్ళ మేర నలిగి పాడైపోయింది. ఆ రెండు కొసలూ లాగి కలపడానికి అందవు. కాల్లోంచి ఒక నరం తీసి వేద్దాం, పాదంలో కొంత స్పర్శ పోతుంది, చెయ్యి వస్తుందో రాదో ఖాయంగా చెప్పలేం అన్నాడు చేతుల డాక్టరు. "ఉన్న కాలు పోగొట్టుకుని పోయిన చెయ్యి కోసం వెతుక్కోనా? ఆ బేరం నాకొద్దు" అని ఆమె లేచొచ్చేసింది. అప్పుడు ఆయనే చెప్పాడు. ఎలుకల్లో అతుకు నెగ్గితే, అదే ఆసుపత్రిలో మొదట అయిదుగురికి వేస్తారు, పేరు రాయించుకో అని. కానీ ఏడాదిన్నర దాటితే లాభం లేదు. నరం లేని కండ అన్నాళ్ళకు మించి ఆగదు, ఎండిపోతుంది. తర్వాత నరం వచ్చినా అందుకోవడానికి అక్కడ కండ ఉండదు.

ఈలోగా చెయ్యాల్సింది ఒకటే ఉంది. ఆసుపత్రి ఫిజియో అమ్మాయి రోజుకు నాలుగుసార్లు వేళ్ళు ఒక్కొక్కటే వంచి, చాపి, పక్కకు విప్పమంది. "కీళ్ళు బిగుసుకుపోతే రేపు నరం తిరిగొచ్చినా వేలు కదలదు. ఇంటికి చుట్టం వచ్చేసరికి తలుపు తుప్పు పట్టి ఉంటే ఎలా?" అంది. వదిన రెండు నెలలు వంచింది, చాపింది, విప్పింది. మూడో నెలలో అద్దాలమ్మాయి చెయ్యి లాక్కుంది.

"వదిలెయ్ వదినా. చచ్చిన పాముని ఎంత కొడితే ఏం?"

"కొట్టడం కాదే, వంచడం."

"నా చెయ్యి నువ్వు వంచుతుంటే చూడ్డం నావల్ల కాదు. వేరేవాళ్ళ చెయ్యిలా ఉంది. పేరు రాయించానుగా, అతుకు పడనీ, అప్పుడు చూద్దాం."

అంతే. ఆ తర్వాత ఆ చెయ్యి చున్నీ కిందే ఉండేది. ఎడమ చేత్తో తినేది, ఎడమ చేత్తో తల దువ్వుకునేది, ఎవరైనా సాయం చెయ్యబోతే కుడి చేత్తో కొట్టేదాన్నని బెదిరించేది.

ఇక ఎలుకలమ్మ తప్పు దగ్గరికి వద్దాం. తప్పే. ఆమే ఒప్పుకుంది, మనం మధ్యలో కప్పిపుచ్చడం దేనికి? పై అరకూ నడిమి అరకూ ఆమె నిలబడి మేత వేసేది. కింది అరకు మాత్రం చిన్న స్టూలు వేసుకుని కూచునేది, మోకాళ్ళ నొప్పి. కూచుంటే పెట్టె ఒళ్ళోకి వస్తుంది. ఎలుక చేతిలోకి వస్తుంది. దాని కుడి పాదం కండ చిక్కి, వేళ్ళు ముడుచుకుని, అచ్చం ఇంట్లో చున్నీ కింద ఉన్న చెయ్యిలా కనిపించింది ఆమెకు. ఆ వేళ్ళను ఆమె బొటనవేలు దానంతటదే పట్టుకుంది. వంచింది, చాపింది, పక్కకు విప్పింది. ఇంట్లో ఎవరూ చెయ్యనివ్వని పని ఇక్కడ అడ్డుచెప్పేవాళ్ళు లేక జరిగిపోయింది. మొదటిరోజు ఒకదానికి, వారం తిరిగేసరికి ఎనిమిదింటికీ. మేతకూ తూకానికీ తప్ప ఎలుకలను ముట్టుకోకూడదని గోడమీద ఎర్రక్షరాలతో రాసి ఉంది. ఆమె దాని కిందే కూచుని ఆ పని చేసేది.

పదహారు వారాలు నిండాక పరీక్ష పెట్టారు. పరీక్ష అంటే చూడముచ్చటగా ఉంటుంది. ఎలుక వెనక పాదాలకు సిరా పూసి, సన్నటి చెక్కదారిలో తెల్లకాగితం మీద నడిపిస్తారు. నరం బాగుంటే వేళ్ళు విసనకర్రలా విచ్చుకుని అచ్చు పడుతుంది. బాగాలేకపోతే వేళ్ళన్నీ అతుక్కుపోయి పొడుగ్గా ఒక గీత పడుతుంది. ఇరవై నాలుగింటిలో కనీసం పదహారు నెగ్గాలి. తొమ్మిదే నెగ్గాయి.

కొండను తవ్వి ఎలుకను పట్టారని కింది అంతస్తువాళ్ళు అప్పుడే జోకులు మొదలుపెట్టారు. వాళ్ళది చర్మం తయారుచేసే విభాగం, నరాల విభాగం మూతపడితే ఆ గదులు వాళ్ళకొస్తాయి. పెద్దమేడమ్, అంటే నరాల విభాగానికి పెద్ద, ఒకరోజంతా తలుపు వేసుకుని కూచుంది. మర్నాడు ఆ తలుపును దారాలాయన దాదాపు విరగ్గొట్టి లోపలికి వెళ్ళాడు.

"మేడమ్, నెగ్గిన తొమ్మిదిలో ఏడు కింది అరవే! కింది అర ఎనిమిదీ చివర్న ఆపరేషన్ చేసినవి. వాటికి వేసింది కొత్త సన్నదారం. పైన పదహారింటికీ పాత దారం. అతుకు ఓడిపోలేదు మేడమ్, పాత దారం ఓడిపోయింది!"

గుమ్మంలో పొట్టు బస్తాతో నిలబడ్డ ఎలుకలమ్మ అదంతా వింది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె తన బొటనవేలు చూసుకుంది. కింది అర. సన్నదారం. అయ్యో, దారమెక్కడిది నాయనా, నా బొటనవేలు! అనబోయింది. అనలేదు. పెద్దమేడమ్ ముఖంలోకి రక్తం తిరిగి రావడం కనిపించింది. అనుమతులిచ్చే కమిటీ ఎల్లుండే వస్తోంది. సన్నదారం మాట వాళ్ళు నమ్మితే మనుషులకు అనుమతి దొరుకుతుంది, అయిదుగురి జాబితాలో రెండో పేరు అద్దాలమ్మాయిది.

బస్తా దించి ఆమె బయటికి నడిచింది. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఆ పూట ఆమెకు సంతోషంగానే ఉంది.

ఇంట్లో ఆ సాయంత్రం వంటగదిలో అన్నం వార్చుతూ, కమిటీ వస్తోందనీ సన్నదారంతో పని అయ్యేలా ఉందనీ ఆడపడుచుతో చెప్పింది. ఏడు నెలల్లో మొదటిసారి అద్దాలమ్మాయి కుడిచెయ్యి చున్నీలోంచి బయటికి తీసి బల్లమీద పెట్టుకుంది. అంతటితో ఆగకుండా లోపలికెళ్ళి అద్దం కోసే పరికరం తెచ్చింది, దాని చిన్న చక్రాన్ని ఎడమ చేత్తో గుడ్డపెట్టి తుడవసాగింది.

"సన్నదారం అంటే ఎంత సన్నం?"

"కంటికి ఆనదు."

"కుట్టు పట్టుకుంటుందా మరి?"

ఎలుకలమ్మ గంటె ఆగిపోయింది. ఎలుకలకు ఆపరేషన్ చేసే ఆయన గొణుగుడు ఆమె చెవుల్లో ఇంకా ఉంది. 'ఈ సన్నదారం గొట్టం కుట్టు దగ్గర పీచులు లేస్తోంది, ఎలుకకైతే సరిపోయింది గానీ మనిషి చెయ్యి ఊపుడుకు ఆగేనా' అని రెండుసార్లు అన్నాడాయన. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

"ఏంటి వదినా, మాట్లాడవ్?"

"పట్టుకుంటుందనే అంటున్నారు."

"నువ్వేమంటున్నావ్?"

"నేనేమంటాను, మేతవేసేదాన్ని."

అద్దాలమ్మాయి ఆమెను కాసేపు చూసింది. పదహారేళ్ళు అద్దాలను చూసిన కళ్ళు అవి, లోపల పగులుంటే పైన కనపడకపోయినా పట్టేస్తాయి. అయినా చక్రం తుడిచి, దీపానికి ఎదురుగా పట్టి చూసి, "తుప్పు పట్టలేదు" అని సంబరపడింది. ఆ సంబరం చూడలేక ఎలుకలమ్మ లేని ఉల్లిపాయ కోసం బుట్టలో వెతికింది.

కమిటీ వచ్చింది. ముగ్గురు. ఇద్దరు వినడానికి, ఒకరు అడగడానికి. అడిగే ఆయన తల నెరిసినవాడు, ముక్కుమీదికి జారిన కళ్ళద్దాల పైనుంచి లోకాన్ని చూసే రకం. పెద్దమేడమ్ చెప్పింది, దారాలాయన పాదముద్రల కాగితాలు బల్లంతా పరిచి చూపించాడు. ఎలుకలను కళ్ళారా చూడాలని వాళ్ళు అంటే ఎలుకలమ్మ కింది అర పెట్టెలు ఎనిమిదీ బండిమీద తోసుకొచ్చి గోడవారగా నిలబడింది. నిలబడటమే ఆమె పని. ఆ గదిలో నోరు ఆమె పనిముట్ల జాబితాలో లేదు.

పెద్దాయన ముద్రలు చూశాడు, ఎలుకలను చూశాడు, తల ఊపాడు. "సరే. పాత దారం వదిలెయ్యండి. సన్నదారంతో మనుషులకి వెళ్ళొచ్చని మేం రాస్తాం."

ఆయన కలం తీశాడు. దారాలాయన కళ్ళల్లో నీళ్ళు. అందరూ కాగితాలు సర్దుకోబోతున్నారు. ఊడ్చెయ్యబోతున్నారు, అనిపించింది ఎలుకలమ్మకు.

"ఆగండి సార్. ఆ పాదాలు దారం చేసినవి కావు. నేను చేసినవి."

పెద్దాయన కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "మీరెవరు?"

"వీటికి మేత వేసే మనిషిని. కింది అర ఎనిమిదింటికీ రోజూ వేళ్ళు వంచి, చాపి, విప్పాను. పదహారు వారాలు. పైవాటికి చెయ్యలేదు."

"ఎందుకు చెయ్యలేదు?"

"వాటికి నిలబడి మేత వేస్తాను సార్. మోకాళ్ళ నొప్పి. కూచున్నప్పుడే చెయ్యి ఊరుకోదు."

కమిటీలో వినే ఇద్దరిలో ఒకాయన ఫక్కున నవ్వి, ఇంకెవరూ నవ్వకపోవడంతో దగ్గుగా మార్చుకున్నాడు. పెద్దమేడమ్ లేచి నిలబడింది.

"ఆరేళ్ళ పని ఇది. ఎంతమంది కష్టమో తెలుసా నీకు? ముట్టుకోవద్దని గోడమీద రాసిలేదూ?"

"రాసుంది మేడమ్. చదివాను. తప్పు నాదే. ఆ కష్టం సంగతీ తెలుసు. మా ఆడపడుచు చెయ్యి తొమ్మిది నెలలుగా దీనికోసమే చూస్తోంది. జాబితాలో రెండో పేరు మా పిల్లదే."

"అదీ సంగతి!" పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "మీ మనిషికి కావాలని ఫలితాలు బాగుచేద్దామనుకున్నారన్నమాట."

ఎలుకలమ్మకు ఒళ్ళు మండింది. బండి వదిలి బల్ల దగ్గరికి వచ్చింది.

"నాకు కావాలనుకుంటే ఇప్పుడు ఊరుకునేదాన్ని సార్. మీ కలం తెరిచే ఉంది. నేను నోరు మూసుకుంటే మా పిల్లకి వచ్చే నెలే అతుకు పడేది. ఈ అబద్ధంతో ఈ గదిలో అందరికన్నా ఎక్కువ లాభం నాకే. అక్కర్లేని అబద్ధం ఎవరైనా వదులుకుంటారు, కావలసినదాన్ని వదులుకుంటున్నా, చూడండి. మా పిల్ల పనిచేసే చోట అద్దం పగిలితే చీపురు పట్టకముందే చెప్పాలి. మీరు చీపురు పట్టబోతున్నారు, అందుకే చెబుతున్నా."

దారాలాయన తన దారం ఎక్కడో చటుక్కున తెగిన చప్పుడు విన్నవాడిలా కూచున్నాడు.

"ఇంకోటుంది" అంది ఎలుకలమ్మ. "పైవి ఓడిపోయాయంటున్నారు. అవి ఓడిపోలేదు. తూకానికి తీసేటప్పుడు కుడికాలి వేలు పట్టుకుంటే మొదట్లో ఉలుకూ పలుకూ ఉండేది కాదు. నెలరోజులుగా అన్నీ కాలు లాక్కుంటున్నాయి. పైవీ, నడిమివీ, అన్నీ. నరం వచ్చేసింది సార్. కీళ్ళే బిగుసుకున్నాయి. వేళ్ళు విచ్చుకోక సిరాలో గీత పడుతోంది. మీరు నరానికి పరీక్ష పెట్టామనుకుని కీలుకి పెట్టారు."

"లాక్కోవడం తొడ కదలికవల్ల కూడా కావచ్చు" అన్నాడు పెద్దాయన.

"కావచ్చు. కరెంటు పెట్టి చూడండి. ఆ మిషను పక్కగదిలో గుడ్డ కప్పుకుని ఉంది, దుమ్ము నేనే దులుపుతాను. చూడకుండా మూసేస్తే మాత్రం నేను ఈ గదిలోంచి కదలను. మెడపట్టి గెంటితే ఎలుకలకి మేతవేసే ఇంకో మనిషిని వెతుక్కోండి, అవి మీ చేతిలో తినవు."

ఆ చివరిమాట నిజం కాదు. ఎలుకలు ఎవరి చేతిలోనైనా తింటాయి. కానీ ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాళ్ళు లేరు.

పెద్దమేడమ్ కమిటీ వైపు తిరిగింది. "పరీక్ష అప్పుడే ఇలా పెట్టాల్సింది. సిరా తేలికని సిరా పెట్టాం. ఆ తప్పు ఈమెది కాదు, నాది. ఇవాళే చూద్దాం."

మొదట తెచ్చింది పై అర మూడో పెట్టెలోదాన్ని. దాన్ని ఎలుకలమ్మ దొరగారు అనేది, మధ్యాహ్నం దాకా లేవదు. మత్తిచ్చి పడుకోబెట్టి, అతుకుకు పైన నరం దగ్గర వెంట్రుకలాంటి సూది గుచ్చారు, పాదం కండలో ఇంకోటి. సిరా కాగితం మీద అన్నిటికన్నా హీనమైన గీత దీనిదే. పెద్దాయన స్వయంగా మీట నొక్కాడు. ముడుచుకున్న పాదం చిన్నగా అదిరింది. తెరమీద కొండకొమ్ములా ఒక గీత లేచింది. ఆయన మళ్ళీ నొక్కాడు. మళ్ళీ లేచింది. మూడోసారి నొక్కబోతుంటే, "నమ్మకం కుదరలేదా సార్?" అంది ఎలుకలమ్మ.

"కుదిరింది. ముచ్చటగా ఉంది, అందుకని" అన్నాడాయన, మొదటిసారి మనిషిలా.

చీకటి పడకముందే లెక్క తేలింది. పైనా నడుమా పదహారింటిలో పద్నాలుగు. కింద ఎనిమిదిలో ఏడు. పాత దారమూ సన్నదారమూ ఒకటే. దారాలాయన రెండు చేతుల్లో తల పెట్టుకుని నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా కూచున్నాడు. ఆయన సన్నదారం గెలవలేదు గానీ ఆయన నరం గెలిచింది. పాత దారం కుట్టుకు గట్టిదని ఎలుకల ఆపరేషన్ ఆయన అప్పుడు గట్టిగా అన్నాడు, ఈసారి అందరూ విన్నారు.

అయినా కమిటీ అప్పటికప్పుడు ఒప్పుకోలేదు. ఒప్పుకోకూడదు కూడా, ముట్టుకున్న ఎలుకలతో మనుషుల చేతులకు అనుమతి ఇవ్వడం కుదరదు. పాత దారంతోనే కొత్తగా ఇరవై నాలుగు ఎలుకలు, సగానికి వేళ్ళు వంచి చాపాలి, సగానికి వద్దు, ఏవి ఏవో చీటీలు తీసి ముందే రాసి పెట్టాలి, కరెంటుతో చూడాలి. అయిదు నెలలు. ఎలుకలమ్మ నిలబడినచోటే వేళ్ళమీద లెక్క వేసుకుంది. తొమ్మిదీ అయిదూ పద్నాలుగు. ఏడాదిన్నరకు ఇంకా నాలుగు మిగులుతాయి. అంతే. నాలుగు.

వెళ్ళబోతుంటే పెద్దమేడమ్ ఆమె ముందు ఒక కాగితం పెట్టింది. నియమం ఉల్లంఘించినందుకు హెచ్చరిక. సంతకం పెట్టాలి. ఎలుకలమ్మ మొదటినుంచి చివరిదాకా చదివి, కాగితం వెనక్కి తోసింది.

"పెట్టను."

"ఇంకా ఏంటమ్మా నీ మొండితనం?"

"నేను చేసింది రాశారు. చెప్పింది రాయలేదు. ఎవరూ అడక్కముందే నేనే చెప్పానని కూడా రాయండి. అప్పుడు పెడతాను."

పెద్దమేడమ్ కలం తీసి, ఒక్క వాక్యం చేత్తో రాసింది. ఎలుకలమ్మ అదీ చదివి సంతకం పెట్టింది, పూర్తి పేరుతో. పెద్దమేడమ్ ఆ పేరు కాసేపు చూసింది, మొదటిసారి చూస్తున్నట్టుంది. "రేపట్నుంచి ఆ వేళ్ళు వంచే పని నీదే. చీటీలో వచ్చినవాటికి మాత్రమే. ఏ అరలో ఉన్నా సరే. స్టూలు పొడుగ్గా ఉండేది తెప్పిస్తాను" అంది.

ఇంటికి నడుస్తుంటే మాత్రం ఆమెకు భయం వేసింది. కమిటీ ముందు వెయ్యని భయం. తుప్పు పట్టలేదని సంబరపడిన మనిషికి అయిదు నెలలని ఏ నోటితో చెప్పాలి? అందులోనూ తన నోటివల్లే అని?

గుమ్మంలో చెప్పులు విప్పకముందే చెప్పేసింది. లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి చెబితే ఊడ్చాక చెప్పినట్టే అవుతుందని. అంతా చెప్పింది. స్టూలు, ఎర్రక్షరాలు, సన్నదారం, పీచులు, పెద్దాయన కలం, దొరగారి పాదం. "వచ్చే నెల పడాల్సిన అతుకుని నేనే ఆపాను. తిడతావో కొడతావో నీ ఇష్టం" అని ముగించింది.

అద్దాలమ్మాయి బల్ల దగ్గర కూచునే ఉంది.

"ఎలుకలకి ఒత్తావా?"

"ఆ."

"రోజూనా?"

"రోజూనే."

"నేను చెయ్యి లాక్కున్నానని?"

ఎలుకలమ్మ తల ఊపింది.

"సిగ్గులేదు వదినా నీకు! ఇంట్లో మనిషిని పెట్టుకుని ఎలుకల కాళ్ళు పట్టుకుంటావా?" అద్దాలమ్మాయి ముఖం పక్కకు తిప్పుకుని, ఎడమ చేత్తో కళ్ళు గట్టిగా తుడుచుకుంది. "ఆ పీచుదారం నా చేతిలో పెట్టి ఉంటే, తెలిసి ఊరుకున్నావని తర్వాత తెలిసి ఉంటే, అప్పుడు కొట్టేదాన్ని. ఈ చేత్తోనే."

"ఎలాగే? అది లేవదుగా."

"లేపి కొట్టేదాన్ని!"

ఇద్దరూ నవ్వారు, అంత నవ్వాల్సిన మాట కాదు అది. నవ్వు ఆగాక అద్దాలమ్మాయి చున్నీ తీసి కుర్చీమీద పడేసింది. కుడిచెయ్యి ఎడమ చేత్తో ఎత్తి బల్లమీద వెల్లకిలా పెట్టింది. ఏడు నెలల్లో వేళ్ళు బాగా బిగుసుకున్నాయి, చూపుడువేలు సగానికే తెరుచుకుంటోంది. ఎలుకలమ్మ చూసి పళ్ళు బిగించింది.

"తొమ్మిది నెలలు పోయాయి" అంది.

"తొమ్మిదేగా" అంది అద్దాలమ్మాయి. "అయిదు నెలల్లో ఆ చుట్టం వచ్చేసరికి తలుపు తెరిచి ఉండాలి. కానియ్. నిలబడి చేస్తావా, కూచుని చేస్తావా?"

"కూచునే."

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆ చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.